ఎర్ర అంకెల రిపోర్టు

నా మారుతి జిమ్నీ జీపుకి లిఫ్ట్ కిట్ (బండిని ఎత్తు చేసే పొడవు స్ప్రింగుల సెట్టు) వేయించాక జడ్చర్ల హైవే మీద బండి అటూ ఇటూ ఊగుతోంది. మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతట అది వెనక్కి రావట్లేదు. మహబూబ్‌నగర్‌లో వీల్ అలైన్‌మెంట్‌కు (చక్రాల కోణాలు సరిచూడటానికి) పెడితే రిపోర్టులో సగం ఎర్ర అంకెలే, అంటే హద్దు దాటిన కొలతలే. మిషన్ దగ్గరున్న తమ్ముడు మాత్రం చల్లగా, "అన్నా, ఇందుల మేం మార్చేది టో ఒక్కటే" అన్నాడు. టో అంటే పైనుంచి చూస్తే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం.

అతను చెప్పింది నిజమే. జిమ్నీలా ముందు కూడా రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు ఉన్న బండికి క్యాంబర్ (ముందునుంచి చూస్తే చక్రం పక్కకు వాలే కోణం) ఆ ఇరుసు తయారీలోనే ఖాయమైపోతుంది. తిప్పడానికి బోల్టు ఉండదు. అది బాగా తేడా చూపిస్తే కింగ్‌పిన్ (చక్రం పక్కకు తిరిగే కీలు) బేరింగులు అరిగాయా, ఇరుసే వంగిందా అని చూసుకోవాలి. స్టీరింగ్ వంకరగా ఉండటం ఇంకో సంగతి, దాన్ని డ్రాగ్ లింక్ (స్టీరింగ్ నుంచి చక్రాల వైపు వెళ్లే కడ్డీ) దగ్గర సరిచేస్తారు.

నా బండిలో అసలు సమస్య క్యాస్టర్. చక్రం ఏ గీత చుట్టూ పక్కకు తిరుగుతుందో, ఆ గీత పైకొస వెనక్కి వాలి ఉండాలి. ఆ వాలే క్యాస్టర్. సైకిల్ ముందు ఫోర్కు చూడండి, అదే వాలు. స్టీరింగ్‌ను మళ్లీ మధ్యకు లాగేది అదే. స్ప్రింగులు పొడవైతే బాడీ లేస్తుంది, ఇరుసును బాడీకి పట్టి ఉంచే కడ్డీలు (ఆర్ములు) ఇరుసు వైపు కిందికి వాలుతాయి, ఇరుసు పైభాగం ముందుకు తిరుగుతుంది. వాలు తగ్గిపోతుంది. ఇక టో ఎంత సెట్ చేసినా ఊగుడు పోదు.

దీనికి ఆర్ములకు ఆఫ్‌సెట్ బుష్‌లు (రంధ్రం మధ్యలో కాక పక్కకు జరిగి ఉండే బుష్‌లు) వేయాలి. జిప్సీ లాంటి కమాన్ పట్టీల బండ్లకైతే పట్టీకీ ఇరుసుకీ మధ్య వాలు షిమ్‌లు (ఒక వైపు మందంగా ఉండే బిళ్లలు) పెడతారు. కిట్ అమ్మినాయన ఈ ముక్క ముందే చెప్తే ఏం పోయేదో! బుష్‌లు వచ్చేదాకా నల్లమల అడవి దగ్గరి మన్ననూరు ట్రిప్పు ప్లాన్ బంద్.