తగ్గాల్సిన అంకె

మూడో నెలలో రక్తస్రావమై భీమవరంలో స్కానింగ్ తీయించుకున్నప్పుడు, గర్భసంచిలో బిడ్డ లేదనీ, ద్రాక్షగుత్తుల్లా నీటిబుడగలు నిండి ఉన్నాయనీ, దీన్నే ముత్యాల గర్భం అంటారనీ చెప్పారు. సక్షన్ చేసి, అంటే గొట్టంతో గర్భసంచిని ఖాళీ చేసి, విశ్రాంతి తీసుకోమని పంపేశారే తప్ప, గర్భం హార్మోన్ రక్తంలో ఎంత ఉందో చెప్పే బీటా హెచ్‌సీజీ పరీక్ష మాట ఎవరూ ఎత్తలేదు. ఏలూరులో నర్సుగా పనిచేస్తున్న మా వదినగారే ఫోన్ చేసి, "తీసేశారు కదా అని ఊరుకోకమ్మా, మిగిలిన కణాలు పెరిగితే కణితి అవుతుంది, ఆ అంకె మామూలుకు వచ్చేదాకా వారం వారం రక్తం ఇచ్చిరా" అని పట్టుబట్టారు.

అంకె మొదట్లో వేగంగా దిగింది. ఆ తరువాత మూడు వారాలపాటు, వరుసగా నాలుగు పరీక్షల్లో, దాదాపు ఒక్కచోటే నిలిచిపోయింది. విజయవాడలో క్యాన్సర్ వైద్యురాలు ఎక్స్‌రే తీయించి, వయసు, హెచ్‌సీజీ, కణితి పరిమాణం వంటివి లెక్కగట్టి జబ్బు ముప్పును కొలిచే నా స్కోరు 3 అని తేల్చారు. 6 దాకా అయితే సాధారణంగా ఒక్క మందుతోనే మొదలుపెడతారట. రోజు విడిచి రోజు మెథోట్రెక్సేట్ అనే కీమో మందు సూది, మధ్య రోజుల్లో దాని దుష్ప్రభావాలు తగ్గించే ఫోలినిక్ యాసిడ్ మాత్ర, రెండు వారాలకొక విడత. నోరంతా పూసి మజ్జిగన్నం కూడా మండేది. అయిదో విడతకు అంకె మామూలుకు వచ్చినా, దాగిన కణాలు మిగలకూడదని మరో మూడు విడతలు ఇచ్చారు. కొత్త గర్భం వస్తే హెచ్‌సీజీ పెరిగి, జబ్బు తిరగబెట్టిందో లేదో తెలియదు కనుక ఏడాదిపాటు ఆగమన్నారు.

మెథోట్రెక్సేట్ పుట్టిన అమెరికా మందుల కంపెనీ లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనకు సారథ్యం వహించినవారు, 1895లో మా భీమవరంలోనే పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఒళ్లంతా పాకిన కోరియోకార్సినోమా (మాయ కణాల నుంచి పుట్టే క్యాన్సర్) కూడా దానికి లొంగుతుందని 1956లో అమెరికాలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ బృందం చూపింది. మెథోట్రెక్సేట్ వంటి మందుకు లొంగని 15 మందికి ఫ్రాన్స్‌లో అవెలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తినే జబ్బుపైకి ఉసిగొల్పే మందు) ఇస్తే 8 మందికి అంకె మామూలుకు వచ్చిందని 2020లో ప్రచురించారు. ఆ పరిశోధన ముందుకు సాగాలని మనసారా కోరుకుంటున్నాను.

అయితే మందు అందేలోపు జరగాల్సిన పని మరొకటి ఉంది. బ్రిటన్‌లో 1973 నుంచి ఇలాంటి స్త్రీల పేర్లు నమోదుచేసి, వారి నమూనాలను ప్రత్యేక కేంద్రాలకే తెప్పించుకుని పరీక్షిస్తున్నారు. తేదీ గుర్తుపెట్టుకునే బరువు రోగి ఒక్కదానిమీదే పడదు. నర్సు వదిన లేని ఆడపిల్లకు మన దగ్గరా ఆ ఏర్పాటు ఉండాలి.

గత నెలతో నా ఏడాది పూర్తయింది. రిపోర్టులన్నీ తేదీల వరుసలో కుట్టి, నాకు సక్షన్ చేసిన చోటికే తీసుకెళ్లి చూపించి, ఇకమీదట ముత్యాల గర్భం వచ్చిన ప్రతి ఒక్కరికీ పరీక్ష తేదీలు రాసి ఇవ్వమని అడిగి వచ్చాను.