డాట్ ఏ ఫైల్లో సింబల్స్ దాచడం: నా అనుభవం

బెంగళూరు మారతహళ్లిలో మా ఆఫీసు. చిన్న డివైజుల కోసం సీ భాషలో ఒక లైబ్రరీ రాస్తాం. సోర్స్ ఇవ్వం, డాట్ ఏ ఫైలూ (కంపైలైన కోడ్ మూట, దీన్నే ఆర్కైవ్ అంటారు) హెడరూ (వాడుకోదగ్గ ఫంక్షన్ల జాబితా) మాత్రమే కస్టమర్ చేతిలో పెడతాం. అందులో సీఆర్‌సీ32 అని, డేటా చెడిందో లేదో చూసే చెక్‌సమ్ ఫంక్షన్ ఒకటుంది. ఒక కస్టమర్‌కి దాని మీద మల్టిపుల్ డెఫినిషన్ ఎర్రర్ (ఒకే పేరు రెండుచోట్ల ఉందని) వచ్చింది. ఇంకో కస్టమర్‌కి ఎర్రరే రాలేదు. బిల్డ్ హాయిగా అయిపోయింది గానీ, మా లైబ్రరీ వచ్చిన ప్రతి ప్యాకెట్‌నూ చెక్‌సమ్ తప్పంటూ పారేస్తోంది.

ఆర్కైవ్‌లో ఉన్న డాట్ ఓలన్నిటినీ (ఒక్కో సోర్స్ ఫైల్ కంపైలైతే వచ్చే ఫైళ్లు) లింకర్ (వాటిని కలిపి ప్రోగ్రామ్ చేసే టూల్) తీసుకోదు. అప్పటిదాకా దొరకని సింబల్ (ఫంక్షన్ లాంటివాటి పేరు) ఎందులో ఉంటే దాన్నే లాగుతుంది. రెండో కస్టమర్ కోడ్‌లో వాళ్ల సొంత సీఆర్‌సీ32 ముందే ఉంది కాబట్టి మాది లోపలికే రాలేదు. మా కోడ్ పోయి వాళ్ల ఫంక్షన్‌ని పిలిచింది. వాళ్ల ఆర్గ్యుమెంట్ల వరుస వేరు. సీలో లింకర్ చూసేది పేరొక్కటే. మొదటి కస్టమర్‌కేమో మా అదే డాట్ ఓలోని ఇంకో ఫంక్షన్ కావాల్సొచ్చింది, దాంతో సీఆర్‌సీ32 కూడా వెంట వచ్చి గుద్దుకుంది. నన్నడిగితే ఎర్రర్ వచ్చినవాడే అదృష్టవంతుడు.

మా మేక్‌ఫైల్లో సింబల్స్‌ని దాచే విజిబిలిటీ హిడెన్ ఫ్లాగ్ ఎప్పట్నుంచో ఉంది. అయినా ఎన్ఎమ్ (సింబల్స్ జాబితా చూపే కమాండ్) కొడితే సీఆర్‌సీ32 పక్కన పెద్ద టీ, అంటే బయటి ఫైళ్లకీ కనబడే గ్లోబల్ ఫంక్షన్!

"హిడెన్ పెట్టాం కదన్నా, ఇంకా గ్లోబల్ అంటుందేంటి?" అని మా కర్నూలు సీనియర్‌ని అడిగా.

"రీడ్ఎల్ఫ్‌తో చూడు, అది ఇంకా వివరంగా చూపిస్తుంది. గ్లోబల్ అనే ఉంటుంది, పక్కన హిడెన్ అని ఉంటుంది. ఆ హిడెన్ పనిచేసేది డాట్ ఎస్ఓ, అంటే షేర్డ్ లైబ్రరీ, బయటివాళ్ల మీదే రా. డాట్ ఏ అంటే ఉత్త డాట్ ఓల మూట. కస్టమర్ లింక్ చేసేటప్పుడు అందరూ ఒకే ఇంట్లో ఉన్నట్టే."

పోనీ ఒక్కో డాట్ ఓలో ఆ సింబల్‌ని లోకల్ (ఆ ఫైల్‌కే పరిమితం) చేద్దామంటే పక్క డాట్ ఓకి అది కనబడదు, మా లైబ్రరీయే లింక్ కాదు. అందుకే ముందు ఎల్‌డీకి (అదే లింకర్) మైనస్ ఆర్ ఇచ్చి అన్నిటినీ కలిపి ఒకే డాట్ ఓ చేశాం. తర్వాత దాని మీద ఆబ్జ్‌కాపీని లోకలైజ్ హిడెన్ ఆప్షన్‌తో నడిపాం, ఆ టూల్ హిడెన్ సింబల్స్‌ని లోకల్ చేసేస్తుంది. హెడర్లో ఉన్న ఫంక్షన్లకి మాత్రం, అవి హిడెన్ కాకుండా, డిఫాల్ట్ విజిబిలిటీ యాట్రిబ్యూట్ తగిలించాం. మళ్లీ ఎన్ఎమ్ కొడితే సీఆర్‌సీ32 పక్కన చిన్న టీ, అంటే లోకల్. ఇద్దరు కస్టమర్ల గొడవా దాంతో తీరింది.

దీనికీ ఒక ఖర్చుంది. అంతా ఒకే డాట్ ఓ అయ్యాక, ఒక్క ఫంక్షన్ వాడినా మొత్తం లోపలికొస్తుంది. చిన్న ఫ్లాష్ మెమరీ ఉన్నవాళ్లు ఊరుకోరు. అందుకని మేం ఫంక్షన్ సెక్షన్స్ ఫ్లాగ్‌తో (ఒక్కో ఫంక్షన్‌ని ఒక్కో సెక్షన్‌లో పెడుతుంది) కంపైల్ చేసి, లింక్‌లో జీసీ సెక్షన్స్ (వాడని సెక్షన్లని తీసేస్తుంది) పెట్టుకోమని కస్టమర్లకి రిలీజ్ నోట్‌లో రాశాం. ఇప్పుడు బిల్డ్ చివర్లో ఒక చిన్న స్క్రిప్టు ఎన్ఎమ్ ఔట్‌పుట్ చూస్తుంది. మా ప్రిఫిక్స్ (మా ఫంక్షన్ల పేర్ల ముందు పెట్టే గుర్తు) లేని పేరు పక్కన పెద్ద టీ కనబడితే రిలీజ్ ఆగిపోతుంది.