మాటలో దాగిన రోగం

ఎవరైనా నన్ను ఆరోగ్యం ఎలా ఉందని అడిగితే, జ్వరం, దగ్గు, నొప్పి లేవని మనసులోనే లెక్క చూసుకొని, బాగానే ఉందని చెప్పేస్తాను. నిద్ర సరిగా పడుతున్నదా, మనసు తేలికగా ఉన్నదా అన్న సంగతి ఆ లెక్కలోకి రాదు. ఇందులో మాటకూ కొంత పాత్ర ఉందని నా అనుమానం. ఆరోగ్యం అనే పదం ‘అరోగ’ నుంచి పుట్టింది, అంటే రోగం లేకపోవడమే దాని మూలార్థం. స్వస్థత అనే మాట మాత్రం తనలో తాను నిలిచి ఉండటాన్ని సూచిస్తుంది. 1948లో అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధనావళి, ఆరోగ్యమంటే కేవలం వ్యాధి లేకపోవడం కాదనీ, శారీరక, మానసిక, సామాజిక క్షేమమనీ నిర్వచించింది. ఆ భావానికి స్వస్థతే దగ్గరగా ఉన్నదనిపిస్తుంది.

భాష ఆలోచనను పూర్తిగా శాసిస్తుందని నేను నమ్మను. అయితే పేరు మారితే ప్రవర్తన మారిన సందర్భాలు ఉన్నాయి. జపాన్‌లో స్కిజోఫ్రేనియా అనే తీవ్ర మానసిక రుగ్మతను ‘మనసు చీలిన వ్యాధి’ అనే అర్థమిచ్చే పేరుతో పిలిచేవారు. 2002లో దానిని ‘సమన్వయం తప్పిన రుగ్మత’ అనే అర్థం వచ్చేలా మార్చిన తరువాత, ఆ నిర్ధారణను రోగులకు నేరుగా చెప్పే వైద్యుల సంఖ్య బాగా పెరిగింది. వ్యాధి లక్షణాలు మాత్రం మునుపటివే.

‘నాకు జ్వరం వచ్చింది’ అన్నప్పుడు జ్వరం అతిథిలా వచ్చిపోతుంది. ‘నేను రోగిని’ అన్నప్పుడు మనిషే వ్యాధిగా మారిపోతాడు. అందుకే నేను మొదటి వాక్యాన్నే ఎంచుకుంటాను.