ప్లానర్ కొనే ముందు మీ పలకల్ని చూసుకోండి

థిక్‌నెస్ ప్లానర్ (చెక్క పలకల్ని ఒకే మందానికి చెక్కే మిషన్) ఏది కొనమంటారని అడిగేవాళ్ళకి నేను ముందు చెప్పేది ఒకటే: అది వంకర తీసే మిషన్ కాదు. వంకర పలకని లోపలికి తోస్తే నున్నగా తేలిన వంకర పలకే అవతలికి వస్తుంది. రోలర్లు పలకని బల్లకి అదిమి పట్టినంతసేపూ దాని ఒంపు అణిగి ఉంటుంది. ఈలోగా బ్లేడ్లు పైపొర చెక్కేస్తాయి. పట్టు వదలగానే ఒంపు మళ్ళీ మామూలే. కింద బల్లకి ఆనిన ముఖానికి సమాంతరంగా పై ముఖాన్ని చెక్కడం, ప్లానర్‌కి వచ్చిన విద్య అంతే. కింది ముఖం తిన్నగా ఉండటం మన పూచీ.

ఆ పూచీ తీర్చేది జాయింటర్. నా షెడ్డు ఒక కారు పట్టేంత. టేబుల్ సా, పని బల్ల పోను జాయింటర్‌కి చోటు లేదు. చేతి చిత్రికతో ఒక ముఖం సాపు చెయ్యొచ్చు, చేస్తాను కూడా, కానీ అల్మరాకి సరిపడా పలకలు అలా చెయ్యాలంటే భుజం ఊరుకోదు. అందుకని స్లెడ్ కట్టుకున్నాను. పలక కంటే కాస్త పొడవుగా తిన్నటి ప్లైవుడ్ ముక్క, దాని ముందు అంచున అడ్డంగా ఒక సన్న బద్ద. బద్ద మందం పలక మందం కంటే తక్కువ ఉండాలి, లేకపోతే బ్లేడ్లు దాన్నే చెక్కుతాయి. వంకర పలకని స్లెడ్ మీద పెట్టి మూలల మీద నొక్కి చూస్తే ఎక్కడ ఊగుతోందో తెలిసిపోతుంది. ఊగిన చోటల్లా కింద సన్నటి చెక్క చీలికలు దోపి, జారకుండా హాట్ గ్లూ చుక్క వెయ్యాలి. పలక ఇక కదలదు కాబట్టి రోలర్లు ఎంత అదిమినా ఒంపు అణగదు, బ్లేడ్లకి ఎత్తు చోట్లు మాత్రమే తగులుతాయి. పై ముఖమంతా పెన్సిల్ గీతలు గీసి పంపుతాను. గీతలన్నీ చెరిగిపోతే ఆ ముఖం తిన్నబడినట్టే. అప్పుడు స్లెడ్ తీసేసి, పలక తిరగేసి, రెండో ముఖం మామూలుగా పంపడమే.

ఇదంతా ముందే ఎందుకు చెప్పానంటే, స్లెడ్‌తో పని చేసేవాళ్ళకి మిషన్ ఎంపికే మారిపోతుంది. స్లెడ్ మందం, చీలికలు, పలక అన్నీ కలిపి లోపలికి పట్టాలి. చిన్న ప్లానర్లలో చాలావాటికి ఎత్తు 6 అంగుళాలు ఉంటుంది, సరిపోతుంది. అసలు తిప్పలు పొడవుతో. ఆరడుగుల స్లెడ్‌కి ముందూ వెనకా ఆనడానికి చోటుండాలి. బ్రోషర్‌లో హార్స్‌పవర్ చూసే ముందు మిషన్ ముందూ వెనకా మడత బల్లలు ఉన్నాయా, ఉంటే వాటి పొడవెంత అన్నది చూడండి.

వెడల్పు విషయంలో మా బావకీ నాకూ పెద్ద వాదనే నడిచింది. “కొనేదేదో 15 అంగుళాలది కొనవోయ్, రేపు పెద్ద పలక చెక్కాల్సి వస్తే?” అంటాడు. నేను ఇంతవరకు చేసినవాటిలో వెడల్పైన విడి పలక ఏదా అని షెడ్డంతా కొలిచి చూశాను. 9 అంగుళాలు దాటినది లేదు. టేబుల్ పైభాగాలు వెడల్పైనవే కానీ అవి అతికినవి. అతికిన పలక 20 అంగుళాలుంటే 15 అంగుళాల మిషన్‌లోనూ పట్టదు కదా. రెండు సగాలుగా అతికి, విడివిడిగా ప్లానర్‌లో వేసి, చివర్లో మధ్య అతుకు ఒక్కటి వేసి చేత్తో సాపు చేస్తే 12, 13 అంగుళాల మిషన్‌తోనే 24 అంగుళాల బల్ల వస్తుంది. పైగా 15 అంగుళాలవి దాదాపు అన్నీ నేలకి స్టాండుతో కూర్చునే బరువైన మిషన్లు. పని అయ్యాక గోడవారకి జరపాలంటే మనిషి సాయం కావాలి. బావ ప్రతిసారీ రాడుగా.

బల్ల మీద పెట్టుకునేవీ తక్కువ బరువేం కాదు. మకీటా 2012ఎన్‌బీ సుమారు 28 కిలోలు, డీవాల్ట్ డీడబ్ల్యూ735 దాదాపు 42 కిలోలు. 28 కిలోలది ఒక్కడినే ఎత్తి షెల్ఫ్ కింద పెట్టగలను. 42 కిలోలదైతే చక్రాల స్టాండు మీదే ఉండాలి.

ఇక నాకు ఇష్టమైన లెక్కకి వస్తాను. ప్లానర్ బ్లేడు పలకని గీకదు, గుండ్రంగా తిరుగుతూ చిన్న చిన్న దొన్నెల్లా తవ్వుకుంటూ పోతుంది. ఆ దొన్నెలు ఎంత దగ్గరగా పడితే అంత నునుపు. అంగుళానికి ఎన్ని కోతలు పడతాయో కనుక్కోవడం సులువు. బ్లేడ్లు బిగించిన కటర్ హెడ్ నిమిషానికి తిరిగే చుట్లని బ్లేడ్ల సంఖ్యతో గుణించి, పలక నిమిషానికి కదిలే అంగుళాలతో భాగించాలి. పైన చెప్పిన డీవాల్ట్‌కి 3 బ్లేడ్లు, 10,000 చుట్లు, నిమిషానికి 26 అడుగుల వేగం. అంటే 30,000ని 312తో భాగిస్తే 96. దానికి రెండో వేగం కూడా ఉంది, 14 అడుగులు. అప్పుడు 179. అంటే ఒక కోతకీ ఇంకో కోతకీ మధ్య 0.14 మి.మీ. మందం దించేటప్పుడు వేగంగా, చివరి ఒకటి రెండు దఫాలు నెమ్మదిగా పంపితే ఇసుక కాగితం పని బాగా తగ్గిపోతుంది.

మకీటాకి 2 బ్లేడ్లు, 8,500 చుట్లు, 28 అడుగులు. లెక్క కడితే 51 దరిదాపుల్లో తేలుతుంది. అలాగని దాన్ని తీసిపారెయ్యడానికి లేదు. ఇదే మిషన్‌కి నునుపు విషయంలో మంచి పేరుంది. కోతల లెక్క ఒక్కటే సరిపోదు. కటర్ హెడ్ వణకకుండా ఎంత గట్టిగా కూర్చుంది, బ్లేడు ఎంత వాడిగా ఉంది అన్నవి ఈ లెక్కలోకి రావు. మొండి బ్లేడుకి కోతలు ఎన్ని పడితే ఏం లాభం, నార లేస్తుంది.

బ్లేడ్ల సంగతికొస్తే, అందరూ హెలికల్ హెడ్ అంటున్నారు. పొడవాటి బ్లేడ్లకి బదులు చదరపు కార్బైడ్ ముక్కలు మెలికలు తిరిగిన వరసల్లో బిగించి ఉంటాయి. కొస మొద్దుబారితే ముక్కని పావు చుట్టు తిప్పి కొత్త అంచు వాడుకోవచ్చు, నాలుగు అంచులూ అయ్యాకే మార్చాలి. మెలికలు తిరిగిన నార ఉన్న చెక్కకి ఇది నిజంగా వరమే, ఎందుకంటే అంచు ఏటవాలుగా కోస్తుంది. పలక వెడల్పంతా ఒకేసారి బ్లేడు తగలదు కాబట్టి మోత కూడా తక్కువ. టేకులో సిలికా ఉంటుంది, మామూలు స్టీలు బ్లేడ్ల వాడి త్వరగా తినేస్తుంది. రోజూ టేకు చెక్కేవాళ్ళకి కార్బైడ్ లాభమే. అయినా నేను హెలికల్ తీసుకోలేదు. చిన్న మోటార్‌కి అది బరువు, దఫాకి తక్కువ మందమే తియ్యాల్సి వస్తుంది. ముక్క తిప్పేటప్పుడు దాని గూట్లో రవ్వంత పొట్టు మిగిలినా ముక్క ఎత్తుగా కూర్చుని పలక పొడవునా గీత గీస్తుంది. నేను వాడేది ఎక్కువగా తిన్నటి నార ఉన్న చెక్క. రెండు వైపులా వాడుకునే మామూలు బ్లేడ్లు నాకు చాలు. అవి హెడ్‌లోని పిన్నుల మీద వాటంతటవే సరైన ఎత్తులో కూర్చుంటాయి. సానబెట్టి వాడే మందపు బ్లేడ్లయితే మార్చిన ప్రతిసారీ గేజ్‌తో ఎత్తు సరిచూసుకోవాలి. ఆ ఓపిక ఉన్నవాళ్ళకి ఖర్చు కలిసొస్తుంది, నాకు లేదు.

పాత ఇళ్ళ చెక్క వాడేవాళ్ళకి ఒక మాట. తలుపు చట్రాల్లో తల విరిగిన మేకులు బయటికి కనిపించవు. చిన్న మెటల్ డిటెక్టర్ ఒకటి దగ్గరుంచుకోండి. ఒక్క మేకు తగిలితే మూడు బ్లేడ్లకీ ఒకే చోట గాటు పడి, ఆ తర్వాత చెక్కే ప్రతి పలక మీదా సన్నటి గట్టు లేస్తుంది. బ్లేడుని కొద్దిగా పక్కకి జరిపే వీలున్న మిషన్ అయితే మూడింటిలో ఒకదాన్ని వెంట్రుకవాసి జరిపితే చాలు, మిగతా రెండూ వదిలిన గట్టుని అది కోసేస్తుంది.

అందరూ తిట్టుకునే స్నైప్ గురించి కూడా చెప్పుకోవాలి. పలక రెండు కొసల్లోనూ రెండు మూడు అంగుళాల మేర కాస్త లోతుగా తెగడాన్ని అలా అంటారు. పలక లోపలికి వెళ్ళేటప్పుడు మొదటి రోలర్ ఒక్కటే, బయటికి వచ్చేటప్పుడు రెండోది ఒక్కటే పట్టుకుని ఉంటుంది. అవతలి కొస బరువుకి కిందికి వాలితే బ్లేడు కింద ఉన్న కొస పైకి లేస్తుంది, అక్కడ లోతుగా తెగుతుంది. హెడ్ కదలకుండా బిగించే లాక్ ఉన్నవి కొంత నయమే కానీ స్నైప్ బొత్తిగా రాని ప్లానర్ ఉందంటే నేను నమ్మను. నేను చేసేది ఇదీ: మడత బల్లల బయటి అంచులు మధ్య బల్ల కంటే నాణెం మందమంత ఎత్తులో ఉండేలా, పొడవాటి తిన్న బద్ద పెట్టి చూస్తూ మరలు బిగిస్తాను. పలకల్ని ఒకదాని కొసకి ఒకటి ఆనించి రైలు పెట్టెల్లా పంపుతాను, అప్పుడు స్నైప్ మొదటిదానికీ ఆఖరిదానికీ మాత్రమే మిగులుతుంది. ఆ రెండు చోట్లా పనికిరాని ముక్కలు పెడతాను.

పొట్టు సంగతి ఎవరూ ముందు ఆలోచించరు. 20 సెంటీమీటర్ల వెడల్పు, మీటరు పొడవు ఉన్న పలక నుంచి ఒకటిన్నర మి.మీ. తీస్తే 300 మి.లీ. గట్టి చెక్క పోయినట్టు. అది పొట్టుగా మారాక ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. ఇంటి వాక్యూమ్ డబ్బా చూస్తుండగానే నిండిపోతుంది. పొట్టు లాగేసే ఏర్పాటు లేకుండా ప్లానర్ నడిపితే, మిగిలిపోయిన పొట్టుని బయటి రోలర్ పలకలోకి నొక్కేసి సొట్టలు పెడుతుంది. (ఆ సొట్టల మీద తడిగుడ్డ వేసి కాసేపు ఉంచండి, చాలావరకు ఉబ్బి పైకొస్తాయి.) సొంత ఫ్యాన్‌తో పొట్టుని బయటికి ఊదే మిషన్ అయితే 4 అంగుళాల గొట్టం, కొసన పెద్ద సంచి, పైన గాలి పోయే గుడ్డ మూతతో పని నడిచిపోతుంది. ఫ్యాన్ లేనిదానికి డస్ట్ కలెక్టర్ తప్పదు. ఆ ఖర్చు ప్లానర్ ఖర్చులో కలుపుకునే బేరం పోల్చండి.

మోత సంగతి తెలిసిందే. చిన్న ప్లానర్లలో ఉండే యూనివర్సల్ మోటార్లు గీపెడతాయి. చెవులకి మఫ్స్ లేకుండా స్విచ్ వెయ్యొద్దు. పెద్దవాటిలోని ఇండక్షన్ మోటార్లు అంత మోత పెట్టవు. అయితే వేరే దేశంలో కొన్నది తెచ్చుకునేవాళ్ళు ఒకటి చూసుకోవాలి. 60 హెర్ట్జ్‌కి చేసిన ఇండక్షన్ మోటార్ 50 హెర్ట్జ్ మీద నిమిషానికి 3,450 చుట్లకి బదులు 2,850 దరిదాపుల్లోనే తిరుగుతుంది, కటర్ చుట్లూ ఆ మేరకు తగ్గుతాయి. యూనివర్సల్ మోటార్‌కి ఫ్రీక్వెన్సీతో పేచీ లేదు కానీ 120 వోల్టులదైతే 1,800 వాట్లు మోసే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. దాని బరువూ ధరా చూశాక మోజు పోతుంది.

చివరికి నేను తీసుకున్నది 13 అంగుళాలు, 3 బ్లేడ్లు, రెండు వేగాలు, సొంత ఫ్యాన్ ఉన్నది. చక్రాల స్టాండు విడిగా చేసుకున్నాను.

వాడినది కొనేవాళ్ళు మీ పలక మీరే పట్టుకెళ్ళండి. సన్న బద్దలు రెండు, ఒకటి ఎడమ చివర, ఒకటి కుడి చివర ఒకే సెట్టింగ్‌లో పంపి కాలిపర్‌తో కొలవండి. రెండింటికీ తేడా 0.1 మి.మీ. లోపు ఉంటే నాకు సమ్మతమే. అంతకంటే ఎక్కువ ఉంటే హెడ్‌ని సమం చేసే మరలు ఆ మోడల్‌లో ఉన్నాయా అని మాన్యువల్ అడగండి. ప్లగ్ తీసేసి రోలర్ల రబ్బరు గోటితో నొక్కి చూడండి, గాజులా గట్టిపడి మెరుస్తుంటే పలక లోపల జారుతూ ఆగిపోతుంది. రోలర్లు ఇంకా దొరుకుతున్నాయో లేదో కనుక్కున్నాకే బేరం మొదలుపెట్టండి.