ఇందిరను అర్థం చేసుకోవడానికి పట్టిన పదహారేళ్ళు

డాక్టర్ పి. శ్రీదేవి రాసిన 'కాలాతీత వ్యక్తులు' నవలను నేను ఇప్పటికి మూడుసార్లు చదివాను. మొదటిసారి పద్దెనిమిదేళ్ళ వయసులో, మా ఊరి శాఖా గ్రంథాలయం నుంచి తెచ్చుకుని చదివాను. రెండోసారి ముప్ఫై నాలుగేళ్ళప్పుడు, హైదరాబాదులో, ఆబిడ్స్‌లో ఆదివారం పూట పేవ్‌మెంటు మీద పరిచే పాత పుస్తకాలలో దొరికిన ప్రతిని కొనుక్కుని చదివాను. మూడోసారి పోయిన వేసవిలో. నాకు ఇష్టమైన పుస్తకమేదని ఎవరడిగినా ఇప్పుడు తడుముకోకుండా దీని పేరే చెబుతాను కాని, మొదటిసారి చదివినప్పుడు ఇది నాకు నచ్చలేదు. కచ్చితంగా చెప్పాలంటే, ఇందులోని ఇందిర నాకు నచ్చలేదు.

ఈ నవల 1957-58 ప్రాంతంలో 'తెలుగు స్వతంత్ర' పత్రికలో ధారావాహికగా వచ్చింది. శ్రీదేవి గారు వృత్తిరీత్యా వైద్యురాలు. ఈ ఒక్క నవల రాసి, 1961లో, ముప్ఫై రెండేళ్ళైనా నిండకుండానే కన్నుమూశారు. కథ విశాఖపట్నంలో, ఒక అద్దె ఇంటి చుట్టూ నడుస్తుంది. తండ్రిని, ఇంటిని తన సంపాదన మీద ఈడ్చుకొస్తున్న ఇందిర, మెడిసిన్ చదువుతున్న ప్రకాశం, డబ్బున్న కుర్రాడు కృష్ణమూర్తి, నెమ్మదిగా, గంభీరంగా ఉండే కల్యాణి అందులో ముఖ్యులు. పద్దెనిమిదేళ్ళ నాకు కల్యాణి దేవతలా కనిపించింది. ఇందిర స్వార్థపరురాలిగా, నోటి దురుసు మనిషిగా, ఎవరి దగ్గర ఏం దొరుకుతుందా అని లెక్కలు వేసుకునే మనిషిగా తోచింది. ఆ గ్రంథాలయం ప్రతిలో, ఇందిర మాట్లాడే ఒక పేజీ పక్కన, నాకంటే ముందు చదివినవారెవరో పెన్సిలుతో 'గయ్యాళి' అని రాసి దాని కింద రెండు గీతలు గీశారు. ఆ మాట చూసి నేను మనసులోనే తల ఊపాను. అది నాకు ఇంత బాగా గుర్తుండడానికి కారణం, ఆ మాటనే మా ఇంట్లో మా పిన్ని గురించి అప్పటికి ఎన్నోసార్లు విని ఉండడం.

మా తాతగారి ఉద్యోగం పోయిన తరువాత, పెళ్ళి కాని మా పిన్ని విజయవాడలో ఒక ఆఫీసులో టైపిస్టుగా చేరి, ఇద్దరు తమ్ముళ్ళ చదువులూ ఒక చెల్లెలి పెళ్ళీ అయ్యేదాకా ఇల్లు నడిపింది. ఇది నేను ఇవాళ ఒక్క వాక్యంలో రాయగలుగుతున్నాను కాని, నా చిన్నతనంలో మా ఇంట్లో ఎవరూ దీన్ని ఇలా ఒక్క వాక్యంగా చెప్పలేదు. 'అది గడుసుది', 'దాని నోటికి జడిసే ఎవరూ చేసుకోలేదు', 'పైసా రాల్చదు' అనే మాటలే విన్నాను. పండక్కి వచ్చినప్పుడు పిన్ని కూరగాయల సంచి కింద పెట్టీ పెట్టకముందే చిల్లర లెక్క చూసుకునేది. పిల్లలం దాన్ని అనుకరించి నవ్వుకునేవాళ్ళం.

ముప్ఫై నాలుగేళ్ళకు నా పరిస్థితి వేరు. మా నాన్నగారికి పక్షవాతం వచ్చి మంచం పట్టారు. మందులు, ఫిజియోథెరపీ, ఇంటి అద్దె, తమ్ముడి ఫీజు అన్నీ నా జీతం మీదికే వచ్చాయి. నెల మొదటి వారంలోనే ఆఖరి వారం గురించి ఆలోచించడం నాకు అలవాటైంది. మాట కరుకుదేలింది. ఆ రోజులలోనే ఆబిడ్స్‌లో కొన్న పుస్తకాన్ని, నాన్నగారు పడుకున్నాక, వంటింట్లో దీపం వేసుకుని మూడు రాత్రులు చదివాను. ఈసారి ఇందిర నోరు విప్పిన ప్రతిచోటా నాకు ఆమె అలసట వినిపించింది. ఆమె ప్రకాశాన్ని కోరుకోవడంలో నాకు అంతకుముందు కనిపించిన లెక్క, ఈసారి ఒక్కచోటైనా తన బరువు దించుకుని కూర్చోవాలన్న ఆశగా కనిపించింది. మేనమామ మాట దాటలేక వెనక్కి తగ్గే ప్రకాశం మెత్తని మనిషే, చెడ్డవాడు కాదు. కాని అతని మెత్తదనానికి మూల్యం చెల్లించేది ఎవరో శ్రీదేవి గారు ఎక్కడా గొంతు పెంచకుండా చూపిస్తారు. పైగా ఇందిరను ఆవిడ త్యాగమూర్తిని చేయలేదు, చివరకు శిక్షించనూ లేదు. 1950లలో ఒక ఆడమనిషిని అలా సృష్టించి, క్షమాపణ చెప్పించకుండా వదిలిపెట్టడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించినకొద్దీ నాకు ఆ రచయిత్రి మీద గౌరవం పెరుగుతూ వచ్చింది. ఈ నవల ఆధారంగానే 1963లో 'చదువుకున్న అమ్మాయిలు' సినిమా వచ్చింది. మంచి సినిమాయే కాని కథ చాలా మారిపోయింది. నవల చదివి వెళ్ళినవాళ్ళు అందులో ఇందిర కోసం వెదుక్కోవలసి వస్తుంది.

మా ఇంటి ఆడవాళ్ళ వైపు నా చూపు తిప్పిన పుస్తకం ఇంకొకటి కూడా ఉంది. అది శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి గారి ఆత్మకథ 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ'. సంస్కృత విద్యే విద్య అనుకునే వైదిక కుటుంబంలో పుట్టి, తెలుగులో రాయడాన్నే చిన్నచూపు చూసిన పెద్దల మధ్య, పట్టుబట్టి తెలుగు రచయిత అయిన మనిషి ఆయన. ఆయన కథలలో ఆడవాళ్ళ సంభాషణలు ఎంత బాగుంటాయో చదివినవారికి చెప్పనక్కరలేదు. ఆ పుస్తకం చదివాకనే నేను మా అమ్మమ్మ మాటలను చెవి పెట్టి వినడం మొదలుపెట్టాను. 'పొద్దు వాటారింది', 'ఉత్తపుణ్యానికి తిట్టింది', 'పిల్ల ముఖం వడలిపోయింది' అని ఆవిడ అన్నప్పుడల్లా ఒక నోటుబుక్కులో రాసుకునేదాన్ని. ఆవిడ పోయి తొమ్మిదేళ్ళయింది. నోటుబుక్కు నా దగ్గరే ఉంది, అందులో డెబ్భై పేజీలు నిండాయి.

పిన్ని దగ్గరకు మాత్రం వెళ్ళడానికి నాకు చాలాకాలం పట్టింది. ఇందిరను మెచ్చుకోవడం తేలిక, ఆమె పుస్తకంలో ఉంది కనుక. పిన్నితో మాట్లాడాలంటే, చిన్నప్పుడు ఆమెను అనుకరించి నవ్విన పిల్లలలో నేనూ ఒకతెనని ఒప్పుకోవాలి. పోయిన వేసవిలో విజయవాడ వెళ్ళినప్పుడు ఆ పాత ప్రతిని తీసుకెళ్ళి, ఏమీ చెప్పకుండా ఆమె బల్ల మీద పెట్టాను. డెబ్భై దాటిన పిన్ని, భూతద్దం పట్టుకుని, మధ్యాహ్నాలు మాత్రమే చదువుతూ, నాలుగు రోజులలో పూర్తిచేసింది. ఐదో రోజు పొద్దున కాఫీ తాగుతూ, "ఈ పిల్లను మీరంతా ఏమనుకున్నారే?" అని అడిగింది. పద్దెనిమిదేళ్ళప్పుడు నేనేమనుకున్నానో, పెన్సిలుతో రాసి ఉన్న ఆ మాటతో సహా, దాచకుండా చెప్పాను. ఆమెను చూసి నవ్వుకున్న సంగతి కూడా చెప్పాను. పిన్ని కాసేపు ఏమీ అనలేదు. తరువాత లేచి వెళ్ళి, బీరువాలోంచి అట్ట ఊడిపోయిన డైరీ ఒకటి తెచ్చి, అందులోంచి మడత పెట్టిన ఒక కాగితం తీసి నా చేతిలో పెట్టింది.

అది 1979లో ఆమె మొదటి జీతం లెక్క. వయొలెట్ సిరాతో, టైపు కొట్టినంత పొందికైన అక్షరాలతో, పాలవాడి బాకీ, బియ్యం, తమ్ముడి పరీక్ష ఫీజు, నాన్న కళ్ళజోడు అని వరసగా ఉన్నాయి. అన్నిటికంటే కింద 'గాజులు, ఆరు రూపాయలు' అని రాసి, మళ్ళీ ఒకే ఒక్క గీతతో కొట్టేసి ఉంది. కొనలేదా అని అడిగాను. "కొన్నాను. ఇంట్లో లెక్క చూపించాలిగా, అందుకని కొట్టేశాను" అంది.

ఆ కాగితాన్ని నవలలో పెట్టుకోమంది. ఇప్పుడు అది అందులోనే, ఇందిర మాట్లాడే ఆ పేజీ దగ్గర ఉంది.