మోకాళ్ళ దగ్గర మొదలయ్యే కడుపు జబ్బు

పొదిలి, కనిగిరి, దర్శి, పామూరు వైపు నుంచి పెద్దవయసు వాళ్ళెవరైనా ఒంగోలులో నా దగ్గరికొస్తే, ముందు కడుపు గురించి అడగను. "మోకాళ్ళెట్లా ఉన్నాయి పెద్దమ్మా?" అంటాను. గ్యాసు డాక్టరుకి మోకాళ్ళతో పనేంటని పక్కనున్న కొడుకు అనుమానంగా చూస్తాడు. పెద్దమ్మ మాత్రం వెంటనే అందుకుంటుంది. "యాడ నాయనా, కూర్చుంటే లేవలేను. ఊళ్ళో సూది ఏయించుకుంటే రెండు రోజులు బాగుంటది, మళ్ళీ మామూలే."

ఆ సూది సంగతి తెలియకుండా ఎండోస్కోపీ చేస్తే పుండు కనపడుతుంది. అది ఎందుకొచ్చిందో కనపడదు. మందులిచ్చి మాన్పినా ఆర్నెల్లకి మళ్ళీ వస్తుంది.

నాదీ పొదిలి పక్క ఊరే. ఎంబీబీఎస్, ఎండీ అయ్యాక గ్యాస్ట్రోలో డీఎం మూడేళ్ళు మద్రాసులో చదివాను. నెత్తురు కారుతున్న పుండుకి క్లిప్ వేయడం, పిత్తనాళంలో ఇరుక్కున్న రాయిని నోటి దారినే తీయడం, అన్నీ అక్కడే నేర్చుకున్నాను. ఆ గురువుల రుణం తీరేది కాదు. అయితే మా వైపు కడుపులకి ఏమవుతోందో ఇక్కడికొచ్చి కూర్చున్నాకే తెలిసింది.

ఆ మోకాళ్ళ నొప్పులకి మూలం మా నీళ్ళే. నీళ్ళలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు గురించి మన దేశంలో వైద్యులు మొదటిసారి రాసింది 1937లో, అదీ అప్పటి నెల్లూరు జిల్లా జనాన్ని చూసి. పొదిలి, కనిగిరి, దర్శి ఆనాడు నెల్లూరు కిందే ఉండేవి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు ఇటు కలిశాయి. తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అంతకు మించిన బోరు నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే అది ఎముకల్లోకి చేరుతుంది, కీళ్ళు బిగుసుకుపోతాయి, నడుము వంగిపోతుంది. కాచి తాగితే పోతుందనుకుంటారు చాలామంది. పోదు. నీళ్ళు ఆవిరైన కొద్దీ మిగిలిన నీళ్ళలో దాని పాలు ఇంకా పెరుగుతుంది.

ఆ నొప్పులతోనే మిరప చేలకి, పొగాకు పనికి వెళ్ళాలి. అర్ధరాత్రి తలుపు తట్టినా లేచేది ఊళ్ళో ఆర్‌ఎంపీ ఒక్కడే. ఆయన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు సూది వేస్తాడు, నాలుగు బిళ్ళలు కాగితంలో చుట్టి ఇస్తాడు. ఆ పొట్లంలో ఒక్కోసారి స్టెరాయిడ్ కూడా ఉంటుంది. రెండూ కలిస్తే కడుపుకి ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఇలాంటి నొప్పి మందులు ఒంట్లో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారుకాకుండా అడ్డుకుంటాయని 1971లో జాన్ వేన్ అనే శాస్త్రవేత్త తేల్చాడు. నొప్పిని పెంచేవి అవే. కడుపు లోపలి జిగురు పొరని కాపాడేవీ అవే. అందుకే "బిళ్ళలు మింగలేదు సార్, సూదే" అని ధైర్యంగా చెప్పేవాళ్ళకి కాస్త కూర్చోబెట్టి చెప్పాల్సి వస్తుంది. సూదిమందు కూడా నెత్తుట్లో కలిసి కడుపు గోడని చేరుతుంది, అక్కడా అదే పని చేస్తుంది.

నన్ను బాగా భయపెట్టేది ఇంకొకటి. పెద్దవాళ్ళలో ఈ పుండు చాలాసార్లు నొప్పే పెట్టదు. ఆయాసం, నీరసం అంటూ వస్తారు. వయసు మీద పడిందిలే అని ఇంట్లోవాళ్ళు సరిపెట్టుకుని ఉంటారు. కింది రెప్ప లాగి చూస్తే తెల్లగా పాలిపోయి ఉంటుంది. దొడ్డికి ఎట్లా అవుతోందని అడిగితే సిగ్గుపడి, చివరికి చెప్తారు, నల్లగా అని. ఐరన్ బిళ్ళలు వాడినా నలుపే వస్తుంది. కానీ తారులాగా జిగటగా, భరించలేని వాసనతో అయితే అది లోపల కారిన నెత్తురే. ఆ పూటే ఆసుపత్రికి రావాలి. తెల్లారి బస్సు దాకా ఆగకూడదు, 108కి ఫోన్ చేయాలి.

ప్రతి పుండూ నొప్పి బిళ్ళల వల్లే రాదు. హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి వల్లా వస్తుంది. దాన్ని గుర్తించిన మార్షల్, వారెన్‌లకి 2005లో నోబెల్ ఇచ్చారు. ఎండోస్కోపీలో చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తాం. అయితే అప్పటికే రోజూ గ్యాస్ బిళ్ళ వేసుకుంటుంటే ఆ పరీక్ష క్రిమి ఉన్నా లేదనవచ్చు. అందుకే అన్ని బిళ్ళల ఖాళీ అట్టలూ కవర్లో వేసుకుని రమ్మంటాను. పాత రిపోర్టుల ఫైలు కన్నా నాకు ఆ కవరే ముఖ్యం. బల్ల మీద బోర్లించి, ఒక్కొక్కటీ తీసి ఇది ఎందుకు, ఎప్పటినుంచి అని అడుగుతాను. టైము పడుతుంది. బయట జనం విసుక్కుంటారు, నిజమే. ఆ టైము మాత్రం తగ్గించను.

నొప్పి మందు మానేయండి అని చీటీ మీద రాసి పంపితే సరిపోతుందా? పొద్దున్నే లేచి పనికి పోవాల్సిన మనిషి అది. అందుకని పారాసెటమాల్ ఎన్ని వేసుకోవచ్చో లెక్క చెప్తాను, మోకాలికి పూసే మందు రాస్తాను, తొడ కండరాలకి వ్యాయామం నేనే మంచం మీద చేసి చూపిస్తాను. తాగడానికే కాదు, వంటకీ ఫ్లోరైడ్ ఎక్కువ లేని నీళ్ళే వాడమంటాను. నొప్పి మందు తప్పదనుకుంటే ముందు కిడ్నీ పరీక్ష చేయించి, తోడుగా కడుపులో ఆమ్లం తగ్గించే పాంటాప్రజోల్ బిళ్ళ రాస్తాను. అది టిఫినుకి అరగంట ముందు వేసుకుంటేనే సరిగా పనిచేస్తుంది. తిన్నాక వేసుకునేవాళ్ళే ఎక్కువ.

ఆర్‌ఎంపీలని తిట్టడం నాకిష్టం లేదు. మా ఊళ్ళకి రాత్రిపూట దిక్కు వాళ్ళే. పేషెంటు దగ్గర నంబరు తీసుకుని నేనే ఫోన్ చేస్తాను. "ఈ పెద్దమ్మకి కడుపులో పుండుంది, డైక్లో సూది వెయ్యొద్దు, స్టెరాయిడ్ అసలే వద్దు" అని చెప్తాను. కొందరు నొచ్చుకుంటారు. కనిగిరి వైపు ఒకాయన మాత్రం ఇప్పుడు తనే ఫోన్ చేస్తున్నాడు. "సార్, ముసలాయన, మోకాళ్ళ నొప్పులు, దొడ్డికి నల్లగా అయితందంట, సూది వెయ్యలేదు, మీ దగ్గరికే పంపిస్తున్నా" అన్నాడు మొన్న.