ఫారంలో లేని గడి

"అక్కా, ఏమనుకోకుండ్రి. పోయినేడు మీ పర్చేజ్ వాళ్ళు కిలో రేటు తగ్గియ్యమని పానం తీసిండ్రు. ఇప్పుడు మీరు ఫోన్ జేసి నీళ్ళు ఎంత సాఫ్ జేస్తున్నరని అడుగుతున్నరు. గీ రెండూ ఒక్కపారే అడుగుండ్రి, జవాబు చెప్త."

అవతల ఉన్నాయన పటాన్‌చెరు వైపు ఒక బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) కంపెనీలో పర్యావరణం, సేఫ్టీ చూసే మేనేజరు. ఇవతల నేను, స్వీడన్‌లోని గోతెన్‌బర్గ్‌లో. మందులు సరఫరా చేసే ఒక సంస్థలో నా ఉద్యోగం. మా మందుల ముడిసరుకు ఏ ఫ్యాక్టరీలో తయారవుతోంది, అక్కడి ఎఫ్లుయెంట్, అంటే మురుగునీరు, ఎటు పోతోంది అని అడిగి ఫారాలు నింపించడం నా పని. మాది సంగారెడ్డి వైపే కనుక పటాన్‌చెరు ఫైళ్ళన్నీ నా బల్ల మీదికే వస్తాయి. ఆ రోజు ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఆయన మీద కోపంగానే ఉన్నాను. మన జిల్లా మనిషి, మన నీళ్ళ గురించే కదా అడుగుతున్నది, ఇంత పెడసరమా అని.

గోతెన్‌బర్గ్‌లో మా రంగంలో పనిచేసే వాళ్ళకు చార్మినార్ తెలియకపోవచ్చు గానీ పటాన్‌చెరు తెలుసు. 2007లో ఇక్కడి యూనివర్సిటీకి చెందిన యోకిమ్ లార్షన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిపై తాము చేసిన పరీక్షల ఫలితాలు ప్రచురించింది. అప్పట్లో సుమారు 90 కంపెనీల ఎఫ్లుయెంట్, రోజుకు 1,500 ఘనమీటర్ల దాకా చేరే కేంద్రం అది. అక్కడ శుద్ధి చేసి వదిలిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు తేలింది. లెక్క కడితే రోజుకు 45 కిలోల మందు వాగులోకి పోయేదన్నమాట. అంటే స్వీడన్ దేశమంతా అయిదు రోజులు వాడే సిప్రోఫ్లాక్సాసిన్ అని వాళ్ళే రాశారు.

ఆ అయిదు రోజుల స్వీడన్ నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఏ సమావేశంలో ఈ స్లయిడు వచ్చినా చుట్టూ ఉన్నవాళ్ళు మర్యాదకు నా వైపు చూడరు. ఆ చూడకపోవడమే నాకు కష్టంగా ఉంటుంది. గొంతులోకి మాటలు తన్నుకొస్తాయి. నక్కవాగు, ఇస్కవాగు ఒడ్డు ఊళ్ళ గోడు మీరు చెబితే గానీ మాకు తెలియలేదా? 1990లోనే ఆ కాలుష్యం కేసు సుప్రీంకోర్టుకు ఎక్కింది. పటాన్‌చెరు డాక్టర్ కిషన్ రావు తన దగ్గరికొచ్చే రోగులను చూసి చూసి ఏళ్ళ తరబడి పోరాడాడు. హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ (భూభౌతిక పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు అక్కడి మట్టిలో భారలోహాలను కొలిచారు. బోరు నీళ్ళ రంగు చూసిన రైతుకు ఏ పరిశోధన పేపరూ అక్కర్లేదు.

ఇదంతా నిజమే. కానీ ఒక తేడా ఉంది, అది ఒప్పుకోవడానికే నాకు ఇంతకాలం పట్టింది. మన దగ్గర ఎఫ్లుయెంట్‌లో కొలిచినవి సీఓడీ, బీఓడీ (నీటిలోని మలినాలకు ఎంత ఆక్సిజన్ ఖర్చవుతుందో చెప్పే లెక్కలు), టీడీఎస్ (నీటిలో కరిగిన పదార్థాలు). పీసీబీ (కాలుష్య నియంత్రణ మండలి) ఫారంలో ఉన్నవీ అవే. బల్క్ డ్రగ్ ఎఫ్లుయెంట్‌లో సీఓడీ వేలల్లో ఉంటుంది. అందులో 31 మిల్లీగ్రాముల యాంటీబయాటిక్ వాటా కనబడనే కనబడదు. సీఓడీ పరిమితిలోకి తెచ్చేసి, ఆ నీళ్ళలోనే బాక్టీరియాకు మందును తట్టుకునే విద్య నేర్పే మోతాదును నిక్షేపంగా వదిలేయొచ్చు. నింపిన ఫారం తప్పు కాదు, అందులో ఆ గడే లేదు. లార్షన్ వాళ్ళు చేసిందల్లా మందును మందుగానే వెతకడం.

ఇక్కడి వాళ్ళలో నాకు ఈర్ష్య పుట్టించేది వాళ్ళ యంత్రాలు కాదు, పట్టిన పని వదలకపోవడం. అదే ప్రయోగశాల 2016లో, ఏ యాంటీబయాటిక్ నీటిలో ఎంత దాటితే నిరోధక బాక్టీరియా ఎదగవచ్చో అంచనా వేసి ఒక పట్టిక ఇచ్చింది. సిప్రోఫ్లాక్సాసిన్‌కు ఆ అంచనా లీటరుకు 0.064 మైక్రోగ్రాములు. 2007లో ప్రచురించిన కొలత దీనికి దాదాపు అయిదు లక్షల రెట్లు. మందుల కంపెనీల అంతర్జాతీయ కూటమి 2022లో యాంటీబయాటిక్ తయారీకి ప్రమాణాలు రాసుకున్నప్పుడు పరిమితుల కోసం వెళ్ళింది ఇలాంటి అంచనాల దగ్గరికే. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా యాంటీబయాటిక్ ఫ్యాక్టరీల మురుగునీటిపై మార్గదర్శకాలు ఇచ్చింది. నేను పంపే ఫారంలోని యాంటీబయాటిక్ గడి ఈ దారినే నా బల్ల దాకా వచ్చింది. మన దగ్గరా తెలివికి కొదవ లేదు. ప్రాజెక్టు గడువు తీరిందంటే సమస్యను కూడా ఫైలుతో పాటు బీరువాలో పెట్టేస్తాం, అదే బాధ.

ప్రభుత్వం సంగతీ అంతే. ఎఫ్లుయెంట్‌లో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు పెడుతూ మన కేంద్ర పర్యావరణ శాఖ 2020 జనవరిలో ముసాయిదా విడుదల చేసింది. ఆ రోజు ఆఫీసులో కాఫీ దగ్గర నేను కాస్త తల ఎత్తుకుని తిరిగాను. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పరిమితులు అందులో లేవు. సహోద్యోగి ఒకామె ఎందుకని అడిగితే చిన్న యూనిట్లనీ, పరీక్షల ఖర్చనీ, పోటీ అనీ గడగడా చెప్పుకొచ్చాను. ఎవరి తరఫున వాదించానో నాకే తెలియదు.

ఆ వాదనలో నిజం లేకపోలేదు. మేనేజరు వెటకారం వెనక ఉన్న లెక్క కూడా అదే. జీరో లిక్విడ్ డిశ్చార్జ్, అంటే చుక్క మురుగు కూడా బయటికి వదలం అని కాగితం మీద రాయడం సులువు. ఎఫ్లుయెంట్‌లోని ఉప్పునీటిని ఎమ్‌ఈఈలో (దశలవారీగా నీటిని ఆవిరి చేసే యంత్రంలో) మరగబెట్టి ఇగర్చాలి, దానికి ఆవిరి కావాలి, ఆవిరికి బాయిలర్ మండాలి. మిగిలిన ఉప్పు ఊరికే పోదు, లారీలో దుండిగల్ డంపుకు పోతుంది. ప్రతి అడుగుకూ ఖర్చే. ఆ ఖర్చు చివరికి కిలో రేటులోనే కదా తేలాలి?

ఇక ఇక్కడి సంగతి చూడండి. జ్వరమని పిల్లాణ్ణి తీసుకెళ్తే స్వీడన్ డాక్టరు యాంటీబయాటిక్ రాయడు గాక రాయడు. నీళ్ళు తాగించు, పడుకోబెట్టు అని పంపేస్తాడు. మొదట్లో తిట్టుకున్నాను, ఇప్పుడు దండం పెడతాను. యాంటీబయాటిక్‌లను ఆచితూచి వాడేందుకు వీళ్ళు 1995 నుంచే ప్రత్యేకంగా ఒక వ్యవస్థ నడుపుతున్నారు. వాడకుండా మిగిలిన మాత్రలను చెత్తలో పారేయకుండా ఫార్మసీకి తెచ్చి అప్పగిస్తారు. అదే ఫార్మసీ కౌంటర్‌లో ఇంకో నియమం కూడా ఉంది. ఒకే మందును నాలుగు కంపెనీలు అమ్ముతుంటే, ఆ నెలలో ఎవరి ధర అన్నిటికంటే తక్కువో వాళ్ళ డబ్బానే చేతికిస్తారు. ప్రజల డబ్బు ఆదా అవుతుంది, తప్పు పట్టడానికి ఏమీ లేదు. నెలనెలా సాగే ఈ వేలంలో నీటిని శుద్ధి చేసిన కంపెనీకి మాత్రం ఒక్క మార్కు కూడా పడదు. మాత్ర స్వీడన్ నీళ్ళలో కలవకూడదన్న జాగ్రత్త, అది పటాన్‌చెరులో అందరికంటే చవగ్గా తయారవ్వాలన్న కోరిక, రెండూ ఆ కౌంటర్ దగ్గరే ఉంటాయి. నాకు తప్ప అక్కడెవరికీ అది వింతగా తోచదు.

పొరుగునే నార్వే 2019లో ఆసుపత్రుల యాంటీబయాటిక్ టెండర్లలో పర్యావరణానికి 30 శాతం వెయిటేజీ ఇచ్చింది. నా దృష్టిలో మెమోరాండాలూ ఫొటోలూ ఉన్న అంతర్జాతీయ సహకారాలన్నిటికంటే ఆ 30 శాతమే గట్టిది. యూనివర్సిటీ కొలుస్తుంది, పరిశ్రమల కూటమి ప్రమాణం రాస్తుంది. ఎమ్‌ఈఈకి బ్యాంకు అప్పు పుట్టించేది మాత్రం కొనేవాడి టెండరే.

ఆ ఫోన్ తర్వాత మా బాస్‌కు ఒక ప్రతిపాదన పెట్టాను. ఎఫ్లుయెంట్ కొలతలు అడిగే ఫారంలోనే, మేం కిలోకు ఎంత ఇస్తున్నామో, ఎన్నేళ్ళ ఆర్డరుకు మాట ఇస్తున్నామో కూడా రాద్దామన్నాను. ఆయన ఓపికగా విన్నాడు, రాసుకున్నాడు, పర్చేజ్ వాళ్ళకు పంపాడు. సగం ఒప్పుకున్నారు. కొత్త ఫారంలో ఆర్డరు ఎన్నేళ్ళకన్న గడి ఉంటుంది, ధర గడి ఉండదు. ధర వ్యాపార రహస్యమట. ఎఫ్లుయెంట్ కొలతలు మాత్రం మునుపటిలాగే పూర్తిగా రాసి సంతకం పెట్టాలి.